ఎవరెస్ట్ బేస్ క్యాంపు నడక: ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాలి

నేపాల్‌లోని లుక్లాలో విమానం దిగేసరికే 2,860 మీటర్ల ఎత్తులో ఉంటాం. హైదరాబాద్ దాదాపు 540 మీటర్లు, విశాఖ అయితే సముద్రం పక్కనే. లుక్లా నుంచి 5,364 మీటర్ల బేస్ క్యాంపు దాకా వెళ్ళి తిరిగి రావడానికి నడక మొత్తం 130 కిలోమీటర్ల చిల్లర, సగటున రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు. అంత దూరం నడవగలిగేవాళ్ళు మన దగ్గర కోకొల్లలు. అయినా కండబలమున్న కుర్రాళ్ళు బేస్ క్యాంపుకు కాస్త ముందున్న లోబుచే నుంచి తలపట్టుకుని వెనక్కి దిగిపోవడం, అరవై దాటినవాళ్ళు నింపాదిగా పైకి చేరడం ఆ దారిలో మామూలుగా కనబడతాయి. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నారన్న దాన్ని బట్టే చాలావరకు ఈ తేడా వస్తుంది. ఆ దారిలో నడిచి నేను తెలుసుకున్నదంతా ఈ లెక్క చుట్టూనే ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను.

గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే. పైకి వెళ్ళేకొద్దీ తగ్గేది గాలి పీడనం. దారిలో రెండో రోజు వచ్చే నామ్చే బజార్ దగ్గర అది సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు, బేస్ క్యాంపు దగ్గర ఇంచుమించు సగం. ఒళ్ళు మొదట చేసే పని ఊపిరి వేగం పెంచడం. అలా పెంచితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి క్షారగుణం పెరుగుతుంది, దాంతో మెదడు మళ్ళీ ఊపిరికి కళ్ళెం వేస్తుంది. మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను బయటికి పంపేదాకా ఈ పీటముడి విడదు, దానికి రోజులు పట్టాలి. నామ్చేలో రాత్రి మూత్రానికి మూడుసార్లు లేవాల్సి వస్తే కంగారు పడక్కర్లేదు, ఒళ్ళు సర్దుకుంటోందని అర్థం. నిద్రలో కొన్ని క్షణాలు ఊపిరి ఆగి, తర్వాత ఒక్కసారిగా గట్టిగా అందుకోవడం కూడా ఇందులో భాగమే. పక్క మంచం మీదున్నవాళ్ళు హడలిపోతారు కానీ, అదొక్కటే ఉంటే జబ్బు కాదు.

దీన్నుంచి వచ్చిన నియమం చిన్నదే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఊళ్ళో ఇంకో రాత్రి ఉండాలి. పగలు అంతకన్నా పైకెక్కినా ఫరవాలేదు, రాత్రికి దిగి పడుకుంటే చాలు.

దారిని ఈ లెక్కలో పెట్టి చూడండి. మొదటి రాత్రి ఫాక్డింగ్, 2,610 మీటర్లు, అంటే లుక్లా కంటే కిందే. రెండో రోజు నామ్చే, 3,440. ఈ ఒక్క రోజు 830 మీటర్లు పెరుగుతాం, అందుకే అక్కడ తప్పకుండా రెండు రాత్రులు. ఫాక్డింగ్‌లో ఆగకుండా ఇంకో రెండు మూడు గంటలు నడిచి మోంజోలో (2,835) పడుకుంటే మర్నాటి భారం కొంత తగ్గుతుంది, నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. నాలుగో రాత్రి తెంగ్‌బోచే, 3,867. మఠం చూసుకుని ఇరవై నిమిషాలు కిందికి దిగితే దేబుచే వస్తుంది, అక్కడ చెట్ల మధ్య గాలి తక్కువ, నిద్ర బాగా పడుతుంది. తర్వాత దింగ్‌బోచే, 4,410, ఇక్కడ హద్దు కాస్త దాటుతుంది కాబట్టి రెండు రాత్రులు. ఆపైన లోబుచే 4,940, గోరక్‌షెప్ 5,164. దింగ్‌బోచే నుంచి లోబుచేకి 530 మీటర్ల పెరుగుదల, హద్దు మళ్ళీ కొద్దిగా దాటుతుంది. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఈ రాత్రే. సెలవు దొరికితే మధ్యలో 4,620 మీటర్ల థుక్లాలో ఒక రాత్రి కలపండి. వెళ్ళిరావడానికి లుక్లా నుంచి లుక్లాకు పన్నెండు రోజులు సరైన లెక్క, పదమూడైతే మరీ మంచిది. తొమ్మిది రోజుల్లో తిప్పి తెస్తామనే ప్యాకేజీ ఎంత చవకైనా తీసుకోకండి. అందులో కోత పడేది రెండో రాత్రులకే.

ఆ రెండో రాత్రుల ముందు పగళ్ళు గదిలో పడుకోవడానికి కావు. నామ్చేలో పొద్దున్నే బయల్దేరి స్యాంగ్‌బోచే ఎయిర్‌స్ట్రిప్ మీదుగా 3,880 మీటర్ల దగ్గరున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కి, ఖుంజుంగ్ ఊరు చూసుకుని దిగాలి. దింగ్‌బోచేలో ఊరి వెనకాలే నంగ్‌కర్త్‌షాంగ్ గుట్ట ఉంది, శిఖరం 5,083. శిఖరం దాకా వెళ్ళలేకపోతే 4,800 వరకైనా ఎక్కి, పైన ఒక అరగంట కూర్చుని దిగండి. మర్నాడు లోబుచే దారిలో దాని ఫలితం తెలుస్తుంది.

కాగితాల పని మనకు తేలిక. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్ళేవాళ్ళ దగ్గర పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చూపించి విమానం ఎక్కవచ్చనుకుని ఎయిర్‌పోర్టులో ఆగిపోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దారి సాగర్‌మాథా నేషనల్ పార్కు గుండా పోతుంది, దాని టికెట్ మోంజో గేటు దగ్గర తీసుకోవచ్చు. సార్క్ దేశాలవాళ్ళకు 1,500 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకు 3,000, దాని మీద 13 శాతం వ్యాట్. మన ధర కావాలంటే పౌరసత్వం చూపించే కార్డు చేతిలో ఉండాలి. ఖుంబు అనే ఈ ప్రాంతపు స్థానిక సంస్థ, ఖుంబు పసాంగ్ ల్హాము గ్రామ పాలిక, తీసుకునే రుసుము వేరు, అది లుక్లాలో కడతారు. మన రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు, ఈ రేటు స్థిరం. డబ్బు ఖాట్మండులోనే మార్చుకుని, దారి మొత్తానికి సరిపడా నగదు పెట్టుకోండి. నామ్చేలో ఏటీఎంలు ఉన్నాయి కానీ కరెంటో నెట్‌వర్కో లేకపోతే అవి పనిచేయవు, ఆ పైన అసలు లేవు. పైకి వెళ్ళేకొద్దీ అన్నీ ప్రియం: ఫోన్ చార్జింగ్‌కు, వైఫైకి, వేడి నీళ్ళకు, స్నానానికి విడివిడిగా కట్టాలి. ఆ సరుకంతా మనిషి వీపు మీదో జంతువు వీపు మీదో పైకి వచ్చింది, బేరమాడకండి.

బీమా పత్రం బయల్దేరేముందు ఒకసారి పూర్తిగా చదవండి. మన దగ్గర మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ట్రెక్కింగ్ వర్తించదు, లేదంటే ఎత్తుకు హద్దు ఉంటుంది. 6,000 మీటర్ల వరకు నడకకు, హెలికాప్టర్ తరలింపుకు వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉండాలి. హెలికాప్టర్ ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది.

లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు, దాదాపు 12 శాతం వాలు. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. విమానాలు కంటికి దారి కనిపిస్తేనే దిగుతాయి. మధ్యాహ్నానికి మబ్బు, గాలి వచ్చేస్తాయి కాబట్టి ఎగిరేదంతా పొద్దున్నే. రద్దీ నెలల్లో, అంటే మార్చి నుంచి మే దాకా, సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా, చాలా విమానాలు ఖాట్మండు నుంచి కాకుండా రామెఛాప్ జిల్లా మంథలి నుంచి నడుస్తాయి. అంటే అర్ధరాత్రి దాటాక ఖాట్మండులో బండెక్కి నాలుగైదు గంటలు కొండ దారిలో వెళ్ళాలి. వాంతులయ్యేవాళ్ళు మాత్ర వేసుకుని ముందు సీట్లో కూర్చోండి. సామాను మొత్తం 15 కిలోలకు మించనివ్వరు. తిరుగు ప్రయాణంలో లుక్లా విమానానికీ ఇండియా విమానానికీ మధ్య రెండు ఖాళీ రోజులు పెట్టుకోవాలి.

సాధనకు మన తెలుగువాళ్ళకు అలిపిరి ఉంది. 3,550 మెట్లు, ఎక్కడంతో పాటు దిగడం కూడా. ఆరేడు కిలోల సంచితో నెలకోసారి ఎక్కి, కాలినడకనే దిగగలిగితే ఖుంబు దారిలో మోకాళ్ళు నిలబడతాయి. అయితే అక్కడ చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు కాబట్టి బూట్ల అలవాటుకు ఆ దారి పనికిరాదు. బూట్లు కనీసం రెండు నెలల ముందు కొని, అపార్టుమెంటు మెట్ల మీదో అనంతగిరి అడవి దారుల్లోనో తొడుక్కుని తిరగండి. కొత్త బూట్లతో లుక్లాలో దిగితే నామ్చేకే మడమ తోలు లేచిపోతుంది. ఇంకో మాట: బాగా పరుగెత్తగలిగినవాళ్ళకు ఎత్తు జబ్బు రాదని ఏమీ లేదు. వాళ్ళకు ఇంకాస్త ముప్పు, ఎందుకంటే తొందరగా నడిచి తొందరగా పైకి చేరతారు.

సామానులో పిసినారితనం చూపకూడనివి స్లీపింగ్ బ్యాగు, బూట్లు, చేతి గ్లౌజులు. స్లీపింగ్ బ్యాగు మైనస్ 10 నుంచి 15 డిగ్రీల కంఫర్ట్ రేటింగ్‌ది కావాలి. చాలా బ్యాగుల మీద పెద్ద అక్షరాల్లో వేసేది అంతకంటే చల్లటి హద్దు అంకె, పక్కన చిన్నగా రాసిన కంఫర్ట్ అంకె చూడండి. ఖాట్మండు థమెల్‌లో బ్యాగులు, డౌన్ జాకెట్లు అద్దెకు దొరుకుతాయి. ఒంటికి మూడు పొరలు: చెమటను పీల్చి ఆరబెట్టే లోపలి బనీను, ఫ్లీస్, గాలీ వానా ఆపే పైకోటు. కాటన్ వద్దు. చెమటకు తడిసిన కాటన్ ఆరదు, ఆగిన అయిదు నిమిషాల్లో ఒళ్ళు వణికిస్తుంది. నల్ల కళ్ళజోడు పక్కలనుంచి కూడా వెలుతురు రాకుండా ఉండాలి, మంచు మీద ఒక్క పూట అది లేకుండా నడిస్తే రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మండుతాయి. ఫోను, పవర్ బ్యాంకు, హెడ్‌ల్యాంపు బ్యాటరీలు రాత్రిళ్ళు స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోండి, చలికి చార్జి దిగిపోతుంది.

నీళ్ళు రోజుకు మూడు నుంచి నాలుగు లీటర్లు. క్లోరిన్ మాత్ర వేస్తే అరగంట ఆగాలి, నీళ్ళు మరీ చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ సేపు. లోబుచే పైన రబ్బరు గొట్టంతో తాగే సంచులు పనికిరావు, గొట్టంలో నీళ్ళు గడ్డకడతాయి. వెడల్పు మూతి సీసా తీసుకుని సంచిలో తలకిందులుగా పెట్టండి. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర నీరుగానే ఉంటుంది. రాత్రి ఆ సీసాలోనే వేడి నీళ్ళు పోయించుకుని కాళ్ళ దగ్గర పెట్టుకుంటే నిద్ర పడుతుంది, తెల్లారి తాగడానికి అవే నీళ్ళు.

నడక వేగానికి ఒకటే కొలత: పక్కవాళ్ళతో ఒక వాక్యం మధ్యలో ఆగకుండా మాట్లాడగలగాలి. ఆయాసంతో మాట తెగితే వేగం ఎక్కువైనట్టే. దూధ్‌కోసీ నది మీది పెద్ద వేలాడే వంతెన దాటాక నామ్చే ఎక్కుడు 600 మీటర్లు, ఈ కొలతను అక్కడే అలవాటు చేసుకోవాలి. పొద్దున ఏడుకు బయల్దేరి మధ్యాహ్నం ఒకటి రెండింటికి ఊరు చేరితే గాలికి ముందే గదిలో ఉంటాం. కంచర గాడిదలో జడలబర్రెలో ఎదురైతే కొండ వైపుకు తప్పుకోండి, లోయ వైపు అసలు నిలబడకండి. వాటి వీపు మీది మూటలు తగిలి మనుషులు లోయలోకి పడిన సంఘటనలు ఉన్నాయి. వంతెన మీద అవి ఉంటే అవతలికి వచ్చేదాకా ఆగాలి. మంత్రాలు చెక్కిన మణి గోడలు వచ్చినచోట గోడ మన కుడిచేతి వైపు ఉండేలా నడవాలి, గుడిలో ప్రదక్షిణ చేసినట్టే.

భోజనం మనకు సమస్య కాదు. దాల్ భాత్ అంటే అన్నం, పప్పు, కూర. అడిగితే మళ్ళీ వడ్డిస్తారు. గోరక్‌షెప్‌లో నీళ్ళు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేకుండా బియ్యం ఉడకదు, లాడ్జీలన్నీ కుక్కర్లతోనే వండుతాయి. పార్కు లోపల జంతువులను కోయరు. మాంసం కిందినుంచి రోజుల తరబడి మోసుకొస్తారు, నామ్చే దాటాక ముట్టకండి. దింగ్‌బోచే నుంచి ఆకలి చచ్చిపోతుంది, అన్నం చూస్తేనే వెగటు. అప్పుడు పనికొచ్చేది ఇంటినుంచి తెచ్చిన కంది పొడి, చిన్న పొట్లంలో ఆవకాయ. పొయ్యి ఒక్క డైనింగ్ హాల్లోనే ఉంటుంది, పైన కట్టెలు దొరకవు కనుక అందులో కాల్చేది జడలబర్రె పేడతో చేసిన పిడకలు. ఆ వెచ్చదనం దగ్గర ఎనిమిదింటిదాకా కూర్చుని పడుకోవచ్చు.

ఇక జబ్బు సంగతి. తలనొప్పి, వికారం లేదా ఆకలి లేకపోవడం, నీరసం, కళ్ళు తిరగడం: ఈ నాలుగింటికీ ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు వేసుకోండి. లేక్ లూయీజ్ పట్టిక అంటారు దీన్ని. తలనొప్పి ఉండి మొత్తం మూడు దాటినా, మూడే అయినా, అది ఎత్తు జబ్బే. మూడో నాలుగో రోజు తలనొప్పిని ‘ఎండ తగిలింది’, ‘నిద్ర చాలలేదు’ అని సర్దిచెప్పుకుంటాం. ఎత్తులో తలనొప్పి వస్తే వేరే కారణం రుజువయ్యేదాకా అది ఎత్తు వల్లేనని పట్టుకోవాలి. లీటరు నీళ్ళు తాగి, ఒక పారాసిటమాల్ వేసుకుని, ఆ ఊళ్ళోనే ఉండిపోవాలి. మర్నాటికి తగ్గితే ముందుకు, తగ్గకపోతే ఇంకో రాత్రి, పెరిగితే కిందికి. ఇందులో బేరం లేదు.

డయామాక్స్, అంటే అసిటజోలమైడ్, ముందుజాగ్రత్తకు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలయ్యే ముందురోజు నుంచి. అది మూత్రపిండాల పనిని తొందరపెట్టే మందు, లక్షణాలను కప్పిపెట్టదు. వేళ్ళ చివర్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, సోడా రుచి చప్పగా మారుతుంది, మూత్రం ఎక్కువవుతుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. ఇంట్లో ఉండగానే రెండు రోజులు వేసుకుని చూసుకోవడం మంచిది.

ప్రాణం తీసేవి రెండు. మెదడు వాపులో మనిషి తాగినవాడిలా తూలతాడు, మాట తడబడుతుంది, అడిగినదానికి పొంతనలేని జవాబిస్తాడు. అనుమానం వస్తే నేల మీద ఒక గీత ఊహించుకుని ఒక కాలి వేళ్ళకు రెండో కాలి మడమ ఆనిస్తూ పది అడుగులు నడవమనండి. నడవలేకపోతే అదే. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గదు, పడుకుంటే దగ్గు పెరుగుతుంది, పెదాలు నీలమవుతాయి, చివరికి గులాబీ రంగు నురగ పడుతుంది. రెండింటికీ మందు కిందికి దించడమే. అర్ధరాత్రయినా, కనీసం 300 నుంచి 1,000 మీటర్లు, ఒంటరిగా పంపకుండా. మెదడు వాపుకు డెక్సామెథసోన్ మొదట 8 మిల్లీగ్రాములు, తర్వాత ఆరు గంటలకోసారి 4, ఊపిరితిత్తుల నీటికి నిఫెడిపిన్: ఇవి దించడానికి వ్యవధి ఇచ్చే మందులు. దించే పని మానేయడానికి కారణం కావు. బయల్దేరేముందే డాక్టరుతో రాయించుకుని సంచిలో పెట్టుకోండి. ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ 1973 నుంచి సీజన్‌లో క్లినిక్ నడుపుతోంది. మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు గురించి డాక్టర్లు చెప్పే పాఠం ఉంటుంది, దింగ్‌బోచేలో విశ్రాంతి రోజున గుట్ట దాటి వెళ్ళి వినదగ్గది.

ఆక్సీమీటర్ ఉంటే మంచిదే కానీ దాని అంకెను దైవవాక్యంగా తీసుకోకండి. చల్లటి వేళ్ళ మీద తప్పు చూపిస్తుంది. చేతులు వేడి చేసుకుని, అయిదు నిమిషాలు కూర్చుని చూడాలి. నామ్చేలో 90 చుట్టూ, గోరక్‌షెప్‌లో 80 చుట్టూ ఉండటం మామూలే. మనిషి హుషారుగా తింటూ మాట్లాడుతుంటే 78కి భయం లేదు, 86 ఉన్నా తూలుతుంటే దించాల్సిందే.

పోర్టర్ల గురించి తప్పక చెప్పాలి. కొండవాళ్ళు కదా, వాళ్ళకేం కాదనుకుంటాం. ఖుంబులో బరువులు మోసేవాళ్ళలో చాలామంది షెర్పాలు కారు, కింది లోయలనుంచి వచ్చిన రాయ్, తమాంగ్, మగర్ కుటుంబాలవాళ్ళు. వాళ్ళకూ ఇదే జబ్బు వస్తుంది, చెబితే కూలి పోతుందని దాచుకుంటారు. మన డఫెల్ బ్యాగు ఒక్కొక్కరిది 12 కిలోలకు మించనివ్వకండి, ఎందుకంటే ఒక పోర్టరుకు ఇద్దరివి కట్టడం రివాజు. రోజూ సాయంత్రం ‘దాయ్ (అన్నా), తలనొప్పి ఉందా? అన్నం తిన్నారా?’ అని అడగండి. వాళ్ళకు గ్లౌజులు, కళ్ళజోడు, పడుకోవడానికి చోటు, బీమా ఉన్నాయో లేదో ఏజెన్సీని ఖాట్మండులోనే నిలదీయండి. పోర్టరు జబ్బుపడితే పూర్తి కూలి ఇచ్చి, భాష తెలిసిన తోడుతో దించాలి.

పై భాగం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. థుక్లా నుంచి 200 మీటర్ల నిట్టనిలువు ఎక్కుడు, పైన పర్వతారోహకుల స్మారకాలు. లోబుచే నుంచి గోరక్‌షెప్ దాకా ఖుంబు హిమానీనదం పక్కన రాళ్ళ దిబ్బల మీద నడక. గోరక్‌షెప్‌లో సామాను పడేసి, తిని, బేస్ క్యాంపుకు వెళ్ళి రావడానికి అయిదారు గంటలు. అక్కడినుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు, దాని పడమటి భుజమే అడ్డం వస్తుంది. శిఖరం చూడాలంటే మర్నాడు తెల్లవారుజామున గోరక్‌షెప్ పక్కనున్న కాలాపత్థర్ గుట్ట ఎక్కాలి, దాదాపు 5,550 మీటర్లు, ఈ యాత్రలో అన్నిటికంటే ఎత్తు, అన్నిటికంటే చలి. ఒక్కటే చేయగలిగే ఓపిక మిగిలితే నేను కాలాపత్థరే ఎంచుకోమంటాను. గోరక్‌షెప్‌లో రెండో రాత్రి వద్దు. అక్కడ సరిగా నిద్రపోయేవాళ్ళు తక్కువ, కోలుకోవడం ఉండదు.

కాలాపత్థర్ దిగి, తిని, అదే రోజు ఫెరిచే (4,371) చేరాలి. దిగేకొద్దీ ఆకలి తిరిగొస్తుంది. ఫెరిచే నుంచి నామ్చే, నామ్చే నుంచి లుక్లా ఒక్కొక్కటి పొడుగు రోజులే, మోకాళ్ళకు కర్రలు రెండూ వాడండి. పొడి గాలికి పట్టిన ఖుంబు దగ్గు ఇంకో వారం ఉంటుంది. నడుస్తున్నప్పుడు ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకుని ఉంటే కొంత తగ్గి ఉండేది. తలనొప్పి మాత్రమే ఉన్నవాళ్ళను కూడా హెలికాప్టర్ ఎక్కమని ఒత్తిడి చేసేవాళ్ళు ఈ దారిలో తగులుతారు. ఇలాంటి బీమా మోసాల మీద 2018లో నేపాల్ ప్రభుత్వం దర్యాప్తు చేయించింది. నడవగలిగితే నడిచి దిగండి. నడవలేని స్థితి ఉంటే మాత్రం ఖర్చు చూసి ఆలస్యం చేయకండి.

లుక్లాకు ముందురోజు సాయంత్రమే చేరి, లాడ్జివాళ్ళ చేత విమానం సీటు ఖరారు చేయించుకోవాలి. టికెట్టు తొలి విమానాల్లోనే తీసుకోండి. మబ్బు పడితే ఆ రోజు ఆగిపోయినవాళ్ళను మర్నాటి టికెట్టున్నవాళ్ళు వెళ్ళాక సీట్లు మిగిలితేనే ఎక్కిస్తారు. మూడు రోజులు వరసగా ఎగరకపోతే కాలినడకన దిగి, జీపు దారి అందినచోట ఖాట్మండుకు జీపు ఎక్కాలి; మునుపు దీనికి సల్లేరి దాకా దాదాపు మూడు రోజులు నడవాల్సి వచ్చేది. దానికి సరిపడా నగదు విడిగా కట్టి, సంచి అడుగున పెట్టుకుని ఉండాలి.